కువైటు గగనమున రెండు బాంబు దళములు

సైనిక చరిత్రరచనలో దళచరిత్ర యనెడి శాఖ యొకటి కలదు. మహాసేనానుల వ్యూహములతోను, సంధిపత్రముల భాషతోను దానికి పనిలేదు. ఒకానొక విమానదళము ఏ తేదీన ఏ విమానాశ్రయమునుండి లేచినది, ఎన్ని విమానములు వెళ్ళినవి, ఎన్ని మరలివచ్చినవి, ఎన్ని టన్నుల బాంబులు ఎక్కడ జారవిడిచినవి, ఎవ్వరు గాయపడిరి, ఎవ్వరు శత్రువునకు పట్టుబడిరి అను వివరములను, వెనుకటి గ్రామకరణము అడంగలులో సర్వే నెంబరు వారీగా పైరులెక్క వ్రాసినట్లు, దినదినము వ్రాసిపెట్టుటయే దాని పని. చదువుటకు నీరసముగ తోచినను, యుద్ధమనునది నిజముగా ఎట్లు నడచునో తెలిసికొనగోరువారికి ఇంతకంటె నమ్మదగిన ఆధారము వేరొకటి లేదని నా అభిప్రాయము. ఐతే ఆ చిఠ్ఠాలో లోప మొకటి కలదు. అది ఎల్లప్పుడును ఆకాశమునుండియే వ్రాయబడును. నేలమీద నున్నవాని పద్దు అందులో కనబడదు.

1991వ సంవత్సరపు ఆరంభమున, ఇరాకు ఆక్రమణనుండి కువైటును విడిపించుటకు అమెరికాయు దాని మిత్రదేశములును చేసిన యుద్ధమున, కువైటు మీద సంచరించిన బాంబు దళములలో రెండు తరగతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ లోపము స్పష్టమగును. అందొకటి ప్రపంచములోని మిక్కిలి పెద్ద బాంబు విమానములలో చేరిన అమెరికా విమానముల దళము. దాని వైమానికులు కువైటు నేలపై ఆ యుద్ధకాలమున కాలు మోపలేదు. రెండవది కువైటువారి స్వంత దళము. దాని విమానములు మిక్కిలి చిన్నవి, దాని వైమానికులు బాంబులు వేయవలసివచ్చినది తాము పుట్టి పెరిగిన నేలపైననే.

ముందుగా దళమన నేమో చెప్పవలెను. స్క్వాడ్రన్ అని అందరును పిలుచు ఈ దళములో సాధారణముగ పండ్రెండు మొదలు ఇరువది వరకు విమానములు, వాటిని నడపు వైమానికులు, వారికి పదిరెట్లుగా ఇంజనులు విప్పి బిగించు మెకానిక్కులు, బాంబు లెక్కించువారు, వంటవారు, గుమాస్తాలు ఉందురు. ఆకాశమున ఎగురువారి పేర్లు చరిత్రలో నిలుచును. రాత్రియంతయు చలిలో నిలిచి బాంబులకు ఫ్యూజులు బిగించినవారి పేర్లు నిలువవు. తెలుగునాటి పాఠకునకు ఈ దళవ్యవస్థ బొత్తిగా పరాయిది కాదు. బ్రిటిషు వైమానికదళమున 110వ దళమునకు 'హైదరాబాదు దళము' అనియే పేరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన ధనముతో ఆ దళమునకు డి.హెచ్.9ఎ అను బాంబు విమానములు సమకూర్చబడినవి. అవి నిజాము బహూకరించినవని ప్రతి విమానము ప్రక్కను వ్రాసిరి. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి జర్మనీ పట్టణములపై దాడులు చేసిన ఆ దళమునకు, రెండు నెలల స్వల్పకాలములోనే అపారమైన నష్టము వాటిల్లెను. అందులో జర్మనులకు చిక్కిన విమాన మొకటి బెర్లిను చేరి, అటనుండి పోలండు చేరి, చివరకు లండనులోని వైమానికదళ ప్రదర్శనశాలకు వచ్చి నేటికిని నిలిచియున్నది. మన రైతు కట్టిన శిస్తు రూకలు కొన్ని అట్లు ఇంగ్లండులో కొయ్యరెక్కలుగా మిగిలినవని అనుకొన్నను తప్పులేదు. అదే దళము రెండవ ప్రపంచయుద్ధమున, బ్రిటను యుద్ధము ప్రకటించిన మరునాడే, అనగా 1939 సెప్టెంబరు 4వ తేదీన, జర్మను నౌకలపై తొలిదాడికి వెళ్ళినవారిలో నుండెను.

హైదరాబాదు దళము భారీ బాంబు దళము కాదు. మొదటి యుద్ధమున ఒంటి ఇంజనుతో ఇద్దరు మనుష్యులను మోయు తేలికరకము దానిది. భారీ యను విశేషణము సార్థకమైనది రెండవ ప్రపంచయుద్ధమున. నాలుగింజనుల లాంకాస్టరు, ఫ్లయింగ్ ఫోర్ట్రెస్, లిబరేటరు విమానములు ఏడుగురు మొదలు పదిమంది వైమానికులతో రాత్రింబవళ్ళు ఐరోపా నగరములపై ఎగిరినవి. బ్రిటిషు బాంబరు కమాండులో పనిచేసిన లక్షా ఇరువదియైదువేల వైమానికులలో 55,573 మంది మరణించిరి. అనగా ప్రతి వందమందిలో నలువదినలుగురు. లిబరేటరు దళములు వంగదేశపు విమానాశ్రయములనుండి బర్మాపై దాడి చేసినవి. యుద్ధానంతరము కాన్పూరులో వదలిపోయిన లిబరేటర్ల శిథిలములను బెంగుళూరు హిందుస్థాన్ విమాన కర్మాగారమువారు బాగుచేయగా, స్వతంత్ర భారత వైమానికదళము వాటితోనే తన తొలి భారీ బాంబు దళమును 1948లో ఏర్పరచుకొనినది. ఇక బాంబు క్రింద నుండుట ఎట్టిదో విశాఖపట్టణమునకును కాకినాడకును 1942 ఏప్రిల్ 6వ తేదీననే తెలిసినది. జపాను నౌకలపైనుండి వచ్చిన విమానములు కొద్దియే, అవి వేసిన బాంబులును కొద్దియే. ఐనను జనులు మూటాముల్లె సర్దుకొని ఊళ్ళు ఖాళీచేసిరి. బాంబు ధ్వంసముచేసిన దానికంటె బాంబు భయము ఖాళీచేయించినది అధికమను ఈ సంగతి ముందు కువైటు విషయమున మరల మనకు ఉపకరించును.

కువైటు చిన్న దేశము. ఉత్తరమున ఇరాకు, దక్షిణమున సౌదీ అరేబియా, తూర్పున సముద్రము. 1974లో ఆ ప్రభుత్వము అమెరికాతో ఒడంబడిక చేసికొని, ఒంటిసీటు స్కైహాకు విమానములు 30, రెండు సీట్లవి 6 కొన్నది. ఎ-4కె.యు. అని వాటి సాంకేతిక నామము. ఎడ్ హైన్‌మన్ అను డగ్లసు సంస్థ ఇంజనీరు విమానవాహక నౌకలకొరకు రూపొందించిన ఈ విమానము 1954లోనే తొలిసారి ఎగిరినది. నౌకపై చోటు చాలదని తక్కిన విమానములకు రెక్కలు మడిచెడి ఏర్పాటుండగా, దీనికి ఆ అవసరము లేకుండునట్లు ఇరువదియేడున్నర అడుగుల రెక్కలతోనే సరిపెట్టిరి. రెండు మోటారుకార్లు ఒకదానివెనుక నొకటి నిలిపినంత పొడవు కూడ లేని ఆ రెక్కల క్రింద నాలుగున్నర టన్నుల బాంబులను వ్రేలాడదీయవచ్చును. కువైటు నగరమునకు దక్షిణముగ, అహ్మదీ చమురుక్షేత్రములకు ఆవల, అహ్మద్ అల్ జాబెర్ వైమానిక స్థావరమున 9వ దళము, 25వ దళము అను రెండు దళములుగా ఈ స్కైహాకులు ఉండెడివి. పడమట నున్న అలీ అల్ సాలెం స్థావరమున ఫ్రెంచి మిరాజులు ఉండెడివి.

1990 ఆగస్టు 2వ తేదీ తెల్లవారకముందే ఇరాకు రిపబ్లికన్ గార్డు సేనలు సరిహద్దు దాటినవి. మధ్యాహ్నము కాకమునుపే దస్మాన్ రాజప్రాసాదమువద్ద పోరు జరిగి, అమీరు తమ్ముడు షేక్ ఫహద్ అచ్చటనే నేలకొరిగెను. ఇరాకు విమానములు స్థావరములపై బాంబులు వేసి రన్‌వేలను గుంటలుచేయగా, అహ్మద్ అల్ జాబెర్‌లోని వైమానికులు స్థావరము ప్రక్కనున్న తారురోడ్డుమీదికి విమానములను నడపి, అచ్చటినుండియే లేచి, శత్రువుల హెలికాప్టర్లతోను వాహనశ్రేణులతోను పోరాడి, తిరిగి దిగుటకు తావు లేక సౌదీ అరేబియాకు వెళ్ళిరి. రోడ్డును రన్‌వేగా వాడుటకు ఎట్టి శిక్షణ, ఎట్టి ధైర్యము కావలయునో ఊహింపుడు: ఇరుప్రక్కల దీపస్తంభములు, ఇసుక, వెనుకనుండి తరుముకొనివచ్చు ట్యాంకులు. ఇరువదికి పైబడిన స్కైహాకులు, పదునైదు వరకు మిరాజులు అట్లు తప్పించుకొన్నవి. దేశము పోయినను దళము మిగిలినది.

ఈ మాట వ్రాయునపుడు ఒక విషయమును స్మరింపకుండుట అన్యాయమగును. ఆ వేకువను కువైటులో లక్షన్నరకు పైబడిన భారతీయు లుండిరి. వారిలో కడప, చిత్తూరు, ఉభయగోదావరి జిల్లాలనుండి వచ్చి అరబ్బుల ఇండ్లలో వంటపని, డ్రైవరుపని, పిల్లలను సాకుపని చేయు తెలుగువారు వేలమంది. అఖామా అను నివాసానుమతి కాగితము కఫీలు అను పూచీదారు యజమాని చేతిలో నుండగా, ఆ కఫీలే కుటుంబముతో సరిహద్దు దాటిపోగా, యజమాని లేని ఇంటిలో మిగిలిన వంటమనిషి స్థితిని ఏ సైనికచరిత్రయు వ్రాయలేదు. బస్సులలో, ట్రక్కులలో బస్రా, బాగ్దాదుల మీదుగా జోర్డాను ఎడారి శిబిరములు చేరి, అమ్మానునుండి ఎయిరిండియా విమానములెక్కి వారు ఇల్లు చేరిరి. 59 దినములలో 488 విమానయానములు జరిగినవి. పౌరవిమానములతో ఇంత పెద్ద తరలింపు ప్రపంచములో అంతకుముందు జరుగలేదు. బాంబు దళముల చరిత్ర వ్రాయు సందర్భమున ఒక్క బాంబైనను మోయని ఈ విమానముల మాట ఎత్తుట అప్రస్తుతమని కొందరనవచ్చును. కువైటు ఆకాశమున ఆ సంవత్సరము జరిగిన సకల వైమానిక కార్యములలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది అదియే కనుక ఎత్తితిని.

ఇప్పుడు భారీ దళముల సంగతి. బి-52 స్ట్రాటోఫోర్ట్రెస్ అను విమానము 1952 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరినది. కువైటు యుద్ధమున పాల్గొన్నది దానిలోని 'జి' రకము; 1959లో సేవలో చేరినది. ఎనిమిది జెట్ ఇంజనులు, 185 అడుగుల రెక్కలు, నిండుభారముతో రెండువందల టన్నులకు మించిన బరువు, ఆరుగురు వైమానికులు. అణుబాంబులను రష్యాపైకి మోసికొనిపోవుటకు కట్టిన ఈ యంత్రమును, వియత్నాములో వలెనే ఇచ్చటను, సామాన్యమైన ఇనుప బాంబులు మోయుటకు నియోగించిరి. కడుపులో 27, రెక్కల క్రింద 24, వెరసి 51 బాంబులు. ఒక్కొక్కటి 750 పౌనులదైనచో విమాన మొక్కంటికి పదునేడు టన్నులకు మించును. అవి ఒంటరిగా పోవు. మూడేసి కలిసి ఒక జట్టుగా పోవును. మూడు విమానములనుండి 153 బాంబులు ఒక్క నిమిషముకూడ పట్టని వ్యవధిలో జారినపుడు, మైలుకు మించిన పొడవున నేల దున్నబడును.

ఈ విమానములకు స్థావర మిచ్చుటకు గల్ఫు దేశములు మొదట సంకోచించినవి. అందుచేత దళములలో పెద్దభాగము హిందూమహాసముద్రము నడుమ, కన్యాకుమారికి నైరృతిదిశగా సుమారు 1800 కిలోమీటర్ల దూరమున నున్న డీగో గార్షియా ద్వీపమున దిగినది. యుద్ధ మారంభమైన పిదప సౌదీ రేవు జిద్దాలోను, స్పెయినులోని మొరోనులోను, ఇంగ్లండులోని ఫెయిర్‌ఫోర్డులోను మరికొన్ని దళములను నిలిపిరి. డీగో గార్షియానుండి కువైటుకు తిన్ననిరేఖలో పోయినను పోవుట, వచ్చుట కలిసి పదివేల కిలోమీటర్లకు దగ్గరగ నుండును. పండ్రెండు గంటలకు మించిన ఈ ప్రయాణములో నడుమ నడుమ ఇంధనవాహక విమానములు గొట్టము చాచి గగనముననే ఇంధనము పోసెడివి. ఫిబ్రవరి మొదటివారమున దాడి ముగించుకొని ద్వీపమునకు మరలివచ్చుచుండిన బి-52 ఒకటి విద్యుద్‌వ్యవస్థ చెడి సముద్రమున కూలగా, ఆరుగురిలో ముగ్గురు మరణించిరి. యుద్ధము మొత్తములో బి-52లలో నష్టపోయినది అదొక్కటియే. దానిని కూల్చినది శత్రువు కాదు.

ఈ దళములలో ఒకదాని వృత్తాంతము ప్రత్యేకముగ చెప్పదగినది. అమెరికాలో లూసియానా రాష్ట్రమున బార్క్‌స్డేల్ అను స్థావరమున 596వ బాంబు దళ ముండెను. రెండవ ప్రపంచయుద్ధమున అది మధ్యరకపు మరాడరు విమానములతో ఐరోపాలో పోరాడిన దళము. 1991 జనవరి 16వ తేదీ ఉదయమున ఆ దళమునకు చెందిన ఏడు బి-52లు 57 మందితో లేచి, అట్లాంటికు దాటి, మధ్యధరా సముద్రముమీదుగా వచ్చి, సౌదీ ఎడారిపైనుండి క్రూయిజు క్షిపణులు 35 వదలి, ఏ దేశములోను దిగక తిరిగి లూసియానా చేరినవి. పదునాల్గువేల మైళ్ళు, ముప్పదియైదు గంటలు. అప్పటివరకు జరిగిన యుద్ధయానములలో అదియే సుదీర్ఘమైనది. ఆరుగురికి చాలు చోటులో తొమ్మండుగురు వరకు కూరుకొని, కాళ్ళు చాచుకొనుటకు వంతులు వేసికొని, వైమానికులు నేలపై పరచిన పలుచని పరుపులపై నిద్రించిరి. ఆ క్షిపణులు ఉపగ్రహముల ద్వారా దారి తెలిసికొనునవి. వాటికి సామాన్య పేలుడు పదార్థ మమర్చినట్లు అప్పటికి లోకమునకు తెలియదు. కనుక ఆ యాత్రనంతయు సరిగా ఒక సంవత్సరము రహస్యముగ నుంచిరి. రాత్రి ఇంటికి రాని భర్త ఎచ్చటికి పోయెనో భార్యకు చెప్పుటకు వీలులేని యుద్ధము అది. ఆ క్షిపణులు పోయి తగిలినది ఇరాకులోని విద్యుత్కేంద్రములకు, వార్తాప్రసార కేంద్రములకు. కువైటు మీద పని వేరు. అది పాతపద్ధతి పని.

పాతపద్ధతి యనగా నేమి? ముప్పదియైదువేల అడుగుల ఎత్తునుండి జారవిడిచిన బాంబు నేలను చేరుటకు ముప్పాతిక నిమిషమునకు మించి పట్టును. విమానము ముందుకు పోవు వేగము బాంబునకును ఉండుటచేత, అది లక్ష్యమునకు ఎన్నియో కిలోమీటర్ల ఇవతలనే జారవిడువబడవలెను. ఆ ముప్పాతిక నిమిషములో అది వేర్వేరు గాలిపొరలను చీల్చుకొని దిగును. పైపొరలో పడమటిగాలి, క్రిందిపొరలో వాయవ్యపు షమాలు గాలి వీచుచున్నచో, లెక్కగట్టిన కంప్యూటరు ఎంత నేర్పరియైనను, బాంబు వందల అడుగులు ప్రక్కకు పడుట సహజము. మొదటి రాత్రులలో ఈ విమానములు నేలకు దగ్గరగ ఎగిరి దాడిచేసినవి. ఇరాకువారి ఫిరంగుల ధాటికి వెరచి పిమ్మట ఎత్తునకు పోయినవి. ఎత్తునకు పోయినకొలదియు గురి తగ్గినది. టెలివిజనులో ఆ దినములలో లోకమంతయు చూచినది కిటికీలో దూరు లేజరుబాంబులను. కాని ఆ యుద్ధమున అమెరికావారు వేసిన బాంబులలో బరువు లెక్కన నూటికి తొంబదికి పైగా గురిపరికరము లేని మామూలు బాంబులే. అందులో ఇంచుమించు మూడవవంతు, ఇరువదియైదువేల టన్నులకు మించినది, 1,600కు పైబడిన యానములలో బి-52లు వేసినదే.

వాటి లక్ష్యములు కువైటు ఉత్తరసరిహద్దున ఇసుకలో పూడుకొనియున్న తవకల్నా, మదీనా, హమ్మురాబి అను రిపబ్లికన్ గార్డు డివిజనులు. కువైటు దక్షిణసరిహద్దున మందుపాతరల వెనుక, చమురు నింపిన కందకముల వెనుక గుంటలలో కూర్చుండిన సామాన్య పదాతిదళములు. ఈ రెండవవారిని గూర్చి ఆగి చెప్పవలసియున్నది. వారిలో అనేకులు ఇరానుతో ఎనిమిదేండ్లు పోరాడి అలసిన రిజర్వు సిపాయిలు, దక్షిణ ఇరాకు రైతుబిడ్డలు, రొట్టె సరిగా అందనివారు. వారిపై అమెరికా విమానములు ముందు కరపత్రములు వెదజల్లెడివి. కరపత్రముపై బి-52 బొమ్మ, దానినుండి రాలుచున్న బాంబులు, అరబ్బీలో హెచ్చరిక: ఫలానా డివిజను రేపు బాంబులపాలగును, ప్రాణముమీద ఆశయున్నచో వెడలిపొండు. మరునాడు చెప్పిన డివిజనుమీద చెప్పినట్లే బాంబులు పడెడివి. అటుపిమ్మట మరియొక కరపత్రము: చెప్పితిమి, చేసితిమి, మరల చేసెదము. యుద్ధము ముగియునప్పటికి రెండుకోట్ల తొంబది లక్షల కరపత్రములు రాలినవి.

యుద్ధానంతరము అమెరికా వైమానికదళమే జరిపించిన విస్తృత పరిశీలనలో తేలిన దేమనగా, ఈ భారీ దాడులవలన ధ్వంసమైన ట్యాంకులు, ఫిరంగులు అనుకొన్నదానికంటె తక్కువ. సైనికుల గుండెలలో పుట్టిన భయము అనుకొన్నదానికంటె చాల ఎక్కువ. అంత ఎత్తున పోవు విమానము కంటికి కనబడదు, చెవికి వినబడదు. మొదట తెలియునది నేల కంపించుటయే. పది మైళ్ళ దూరమున పడినను గుంటలో నున్నవానికి కాళ్ళక్రింద తెలియును. బి-52ల భయముచేతనే లొంగితినని చెప్పిన ఇరాకు అధికారి యొకడు, నీ దళముమీద అవి పడినవా యని అడుగగా, లేదు, పడినవారిని చూచితినని ప్రత్యుత్తర మిచ్చినట్లు ఆనాడు చెప్పుకొనిరి. ఎనుబదివేలకు పైబడిన ఇరాకు సైనికులు బందీలైరి. భూతలయుద్ధము ఫిబ్రవరి 24న మొదలై నూరుగంటలలో ముగిసినది. విశాఖపట్టణమున 1942లో కనబడినదే ఇచ్చట మహాప్రమాణమున కనబడినది. ఐతే భయమును ఆయుధముగా వాడితిమని గర్వించువారు, ఆ నూరుగంటలు రాకముందు ముప్పదియెనిమిది దినములు గుంటలలో మరణించిన సిపాయిల సంఖ్యను ఎన్నడును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. టన్నులు తెలిసినవి, యానములు తెలిసినవి; మనుష్యులు లెక్కకు అందలేదు.

ఇక చిన్నదళమును చూతము. సౌదీలోని ధహ్రాను స్థావరమున స్కైహాకులు చేరిన తరువాత, వాటి ప్రక్కలపై 'ఫ్రీ కువైట్' అని వ్రాసిరి. దేశము లేని వైమానికదళమునకు ఆ రెండు మాటలే చిరునామా. విడిభాగములు అమెరికా నుండి రావలెను, బాంబులు సౌదీవారు ఈయవలెను, ఇల్లు వాకిలి ఆక్రమణలో నుండగా భార్యాపిల్లల వార్త ఏ రేడియోనుండియో వినవలెను. 1991 జనవరి 17న, యుద్ధపు తొలిదినముననే, వారు దాడికి లేచిరి. ఆ దినముననే ఒక స్కైహాకు ఇరాకు ఫిరంగులకు కూలి, దాని వైమానికుడు లెఫ్టినెంటు కర్నలు ముహమ్మద్ ముబారక్ పట్టుబడెను. తక్కిన బందీ వైమానికులతో పాటు ఆయనను గూడ ఇరాకు టెలివిజనులో చూపిరి, యుద్ధానంతరము విడుదలయ్యెను. తక్కినవారు ఆగలేదు. యుద్ధము ముగియులోపల ఆ దళము మొత్తము 1,361 యానములు చేసినది.

ఈ సంఖ్య బి-52ల సంఖ్యకు ఇంచుమించు దగ్గరగ నున్నది గాని, బాంబుల బరువులో రెండింటికిని పోలిక లేదు. సైనికదృష్టితో చూచినచో స్కైహాకులు లేకున్నను యుద్ధఫలితము మారెడిది కాదు. దీనిని కువైటు మిత్రులును కాదనరు. కాని మరియొక దృష్టి కలదు. పగటివేళ, నేల కనబడు ఎత్తున ఎగిరిన ఈ వైమానికులకు క్రింద కనబడినది మ్యాపు కాదు. ఈ రోడ్డుమీదుగ బడికి పోయినాము, ఈ ఒడ్డున చేపలు పట్టినాము, ఈ స్థావరములో నిన్నమొన్నటివరకు నిద్రించినాము అనెడి నేల. అహ్మద్ అల్ జాబెరును, అలీ అల్ సాలెమును శత్రువు ఆక్రమించియుండుటచేత, తమ విమానములకొరకు కట్టిన కాంక్రీటు గూళ్ళే మిత్రసేనల బాంబులకు లక్ష్యములైనవి. పైకప్పు నడుమ గుండ్రని రంధ్రముతో ఆ గూళ్ళు యుద్ధానంతరము ఏండ్లతరబడి అట్లే నిలిచియుండెను. తన ఇంటిమీద తానే బాంబు వేయవలసివచ్చిన వైమానికుడు మీట నొక్కుటకు ముందు మరియొకసారి చూచుకొనును. ముప్పదియైదువేల అడుగుల ఎత్తున, మేఘముల పైన, రాడారు తెరవంక చూచుచున్న వానికి ఆ అవకాశమే లేదు. నేను భారీ దళపు వైమానికుని నిందించుటలేదు. అతడు నిర్దయుడు కాడు, దూరస్థుడు. యంత్రము పెద్దదగుకొలదియు దూరము పెరుగునని మాత్రమే నా మనవి.

ఫిబ్రవరి 26న కువైటు విముక్తమైనది. ఇరాకు సేన పోవుచు పోవుచు ఆరువందలకు మించిన చమురుబావులకు నిప్పుపెట్టగా, మధ్యాహ్నమున దీపములు వెలిగించుకొన్న దినము లుండెను. చివరి బావి ఆరినది నవంబరు 6న. దళముల తదుపరి గతి త్వరగా చెప్పివేయవచ్చును. బి-52 'జి' రకమును 1994 నాటికి సేవనుండి తొలగించి, సోవియట్ రష్యాతో జరిగిన ఆయుధనియంత్రణ ఒప్పందము ననుసరించి అరిజోనా ఎడారిలో ముక్కలుగా నరికిరి. నరికిన ముక్కలను ఉపగ్రహములనుండి రష్యావారు చూచి లెక్కించుకొనుటకు వీలుగా కొంతకాలము ఆరుబయట అట్లే ఉంచిరి. స్కైహాకుల స్థానమున కువైటుకు హార్నెట్ అను యుద్ధవిమానములు వచ్చినవి. మిగిలిన స్కైహాకులలో 23 బ్రెజిల్ నౌకాదళము కొనుక్కొని, తన విమానవాహక నౌక మినాస్ జెరాయిస్ పై నిలిపినది. నౌకకై పుట్టిన విమానము ఎడారిలో యుద్ధము చేసి చివరకు నౌకను చేరినది.

కువైటులో నున్న తెలుగువారు సెలవుదినమున ఖురేన్ పేటలోని అమరవీరుల గృహమును చూడదగును. విముక్తికి రెండుదినముల ముందు, ఫిబ్రవరి 24న, ఆ ఇంటిలో 19 మంది కువైటు యువకులు గంటల తరబడి ఇరాకు ట్యాంకులతో పోరాడగా 12 మంది మరణించిరి. తూట్లుపడిన గోడలు, కూలిన మేడమెట్లు, వెలుపల నొక ట్యాంకు, ఉన్నవి ఉన్నట్లుగా ఉంచిరి. కువైటువారు తమ నేలమీది పద్దును ఆ విధముగ వ్రాసికొన్నారు. మనవారి పద్దు ఎక్కడ నున్నది? రాజంపేట, రాయచోటి, నరసాపురము ప్రాంతముల ఇండ్లలో ఆ ఆగస్టునాటి ప్రయాణము చేసిన స్త్రీపురుషులు ఇంకను ఉన్నారు. వారి మాటలను వారి బిడ్డలు కాగితముపై పెట్టినచో, ఏ ప్రభుత్వ దస్తావేజులోను లేని అధ్యాయ మొకటి తెలుగులో నిలుచును.

మరియొక సంగతి చరిత్రకు కాక నేటికి సంబంధించినది. ఆ యుద్ధమున జారవిడిచిన బాంబులన్నియు పేలలేదు. మెత్తని ఇసుకలో పడిన బాంబు ఫ్యూజు కదలక నిద్రించుట సామాన్యము. వాటికి తోడు ఇరాకు సేన పాతిన మందుపాతరలు లక్షలు. యుద్ధానంతరము కువైటు ఎడారిని భాగములుగ పంచుకొని అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, ఈజిప్టు, పాకిస్తాను, బంగ్లాదేశ్ మొదలగు దేశముల బృందములు ఏండ్లతరబడి వెదకి వెలికితీసినవి. ఆ పనిలో ప్రాణములు పోయినవి. ఐనను ఇసుక కదలును. పెద్ద వానలు కురిసి వాగులు పారినపుడును, గాలివానకు దిబ్బలు జరిగినపుడును, ముప్పదియేండ్లు దాగినది పైకి తేలును. ఎడారిలో గొఱ్ఱెలను, ఒంటెలను కాచు తెలుగు సోదరులు, చలికాలపు డేరాలకు అరబ్బు కుటుంబములను తీసికొనిపోవు డ్రైవర్లు, తుప్పుపట్టిన గుండ్రని ఇనుపవస్తువు గాని, డబ్బావంటిది గాని, రెక్కలున్న గొట్టము గాని కనబడినచో చేతితో ముట్టవద్దు, కాలితో తన్నవద్దు, పాతయినుముకు అమ్ముదమని బండిలో వేయవద్దు. వచ్చిన అడుగుజాడలలోనే వెనుకకు నడచి, ఆ చోటును గుర్తుపెట్టుకొని, 112కు ఫోను చేయుడు.